గంటగుండు దగ్గరి అరుగు

2002 జులైలో నన్ను నల్లగుండ్లకోట పనికి వేశారు. అప్పటికి నేను అనంతపురంలో అసిస్టెంట్ ఇంజనీరుని. మా విభాగంలో ఎండలో నిలబడేది అసిస్టెంట్ ఇంజనీరు, నీడలో సంతకం పెట్టేది డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. జిల్లాలో చూడదగిన చోట్లన్నిటికీ కాలిదారులు వేసి, బోర్డులు పెట్టి, ఒక చిన్న పుస్తకం అచ్చువేయాలని ఆ ఏడు పైనుంచి ఆదేశం వచ్చింది. లేపాక్షికి ఎవరూ చెప్పకపోయినా జనం పోతారు. ఎవరూ పోని చోట్లను చూపించాలన్నది ఉద్దేశం. ఎవరూ ఎందుకు పోవడంలేదో కనుక్కోమని మాత్రం ఆ ఆదేశంలో లేదు.

కోట గుంతకల్లుకూ వజ్రకరూరుకూ నడుమ, రోడ్డుకు బాగా లోపలగా ఉంటుంది. కోట పేరూ మనుషుల పేర్లూ ఇక్కడ మార్చి రాస్తున్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. మాది గుంతకల్లే. నాయన రైల్వేలో గార్డుగా పనిచేసేవాడు. చిన్నప్పుడు రైలు కిటికీలోంచి ఆ గుట్ట కనిపించేది, గుండు మీద గుండు, దాని మీద మరో గుండు, పేర్చేవాళ్ళెవరో మధ్యలో పని వదిలేసి వెళ్ళిపోయినట్టు. అదేమిటని అడిగితే "కోట" అనేవాడు నాయన. ఎప్పుడైనా తీసుకుపొమ్మంటే వినపడనట్టు పచ్చజెండా చుట్టుకునేవాడు.

అక్కడ చూడవలసినవి అయిదని పుస్తకం కోసం మేం రాసుకున్నాం. కింద కూలిన దిడ్డివాకిలి, అంటే కోటగోడలోని చిన్న ద్వారం. దాని వెనక గుడి లేని నంది, సగం కొమ్ముతో. మధ్యలో ధాన్యపు కొట్టు, కప్పు లేని నాలుగు గోడలు. దాని పైన దొనలు, అంటే బండలో తొలిచిన నీటి గుంటలు, అప్పటికి ఎండిపోయినవి. అన్నిటికన్నా పైన గంటగుండు. మనిషి కంటే ఎత్తయిన ఆ రాతిని చిన్న గులకరాయితో కొడితే గుడిగంటలాగే మోగుతుంది. కొన్ని నల్లరాళ్ళకు ఆ గుణం ఉంటుంది. ఈ అయిదింటినీ కలుపుతూ దారికి గీత గీయడం నా పని.

దారి గీయడమంటే కాగితం మీద గీయడం కాదు. ముందు గుట్టంతా నడవాలి. తర్వాత ఎరుపూ తెలుపూ పూసిన కర్రలు నిలబెట్టి, కంటితో వాటిని ఒక వరసలోకి తేవాలి. ఆ వరసలో దూరదూరంగా గూటాలు దిగ్గొట్టి, కనపడేందుకు ఒక్కో గూటం చుట్టూ సున్నం పోయాలి. అప్పుడు లెవెల్ యంత్రం పెట్టి ప్రతి గూటం ఎంత ఎత్తులో ఉందో చూసి, ఎక్కడ తవ్వాలో ఎక్కడ నింపాలో తేల్చాలి. తవ్వేదాన్ని మేం కటింగ్ అంటాం, నింపేదాన్ని ఫిల్లింగ్ అంటాం. నాకు తిన్నటి గీతంటే ప్రాణం. గీత వంకరపోతే ముక్కు మీదికి కోపం వచ్చేస్తుంది, ఇప్పటికీ.

నాతో దస్తగిరి ఉండేవాడు. చైన్‌మన్ అతను, అంటే కొలతగొలుసు పట్టే మనిషి. గొలుసులు పోయి టేపులు వచ్చి చాలా ఏళ్ళయినా పేరు అదే మిగిలింది. నాకంటే పెద్దవాడు, నోరు ఊరుకునే రకం కాదు. సున్నం గంప మోయడానికీ నీళ్ళు తేవడానికీ కింది పల్లెలో కూలీలను అడిగాం. పని లేక అల్లాడుతున్న ఊరు అది. అయినా నంది దాటి పైకి రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. హనుమక్క అనే ఒక్క ఆడమనిషి మాత్రం ఏమీ అడగకుండా గంప ఎత్తుకుంది. నలభై దాటిన మనిషి, మొగుడు లేడు, మాట చాలా తక్కువ. రోజూ పొద్దున గుంతకల్లు నుంచి జీపులో వచ్చి, సాయంత్రం వెలుతురుండగానే తిరిగి వెళ్ళిపోయేవాళ్ళం.

జులైలో ఆ మెట్ట మీద గాలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. పడమటి నుంచి పగలంతా ఆగకుండా కొడుతుంది. మబ్బులు గుంపులుగా వస్తాయి, చుక్క రాల్చకుండా తూర్పుకు పోతాయి. గుట్ట మీద నిలబడితే వాటి నీడలు కింద చేలమీదుగా పాకుతూ వచ్చి, గుండ్ల మీదికి ఎక్కి, మనల్ని తాకి, అవతలికి దిగిపోతాయి. నీడ తాకినప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. పోగానే మళ్ళీ ఎండ. గొర్రెలవాళ్ళు మందను నంది దాకా తోలుకొచ్చి అక్కడే వెనక్కి తిప్పేవారు. నంది పైన గడ్డి ఎవరూ మేపక మోకాలెత్తున ఎండి నిలిచి ఉంది, అంత కరువులో.

మొదటి రోజు మిట్టమధ్యాహ్నం నేనూ దస్తగిరీ దిడ్డివాకిలి నీడలో డబ్బాలు విప్పుతున్నాం. పైన గంటగుండు మోగింది. ఒక్కటే దెబ్బ. గాలిలో చాలాసేపు సాగి, సన్నగిలి, పోయింది.

"గాలికి మోగుతాండాది మేడమ్" అన్నాడు దస్తగిరి.

గాలి రాయి ఎత్తి కొడుతుందా అన్నాను. అతను డబ్బా మూత పెట్టేశాడు. ఆ పూట మళ్ళీ ముట్టలేదు. నేను ఏడిపించడానికి ఒక్క ముద్దయినా తినమన్నాను గానీ, నిజానికి నాకూ మింగుడు పడలేదు.

కొట్టు నుంచి గంటగుండు దాకా గూటాలు వేసి దిగిన మరుసటి రోజు పొద్దున పైకి వెళ్ళి చూస్తే గీత వంగి ఉంది. గూటాలు పోలేదు. పడిపోలేదు. కొట్టు దాటాక కొన్ని గూటాలు ఎడమపక్కకు జరిగి, నున్నటి వంపు తిరిగి, గంటగుండు దగ్గర మళ్ళీ నా గీతలో కలిశాయి. ప్రతిదాని చుట్టూ కొత్తగా సున్నం పోసి ఉంది. నేను వేసిన చోట పాత సున్నం జాడ కూడా లేకుండా మట్టి కప్పి ఉంది. చూసినవాళ్ళకు నేనే అలా వేశాననిపిస్తుంది. ముందురోజు నాకే మతి తప్పిందేమోనని కాసేపు నిలబడిపోయాను.

దస్తగిరి తన లెక్క తాను చెప్పాడు. "మనుషులైతే గూటాలు పొయ్యిలోకి ఎత్తుకోని పోతారు మేడమ్. యాడన్నా చూసినామా, మళ్ళా నాటి, సున్నం పోసి పొయ్యే దొంగను? ఇది మనుషుల పని కాదు."

ఆ మాటలో న్యాయముంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంపు తీసేసి, గూటాలన్నీ తిన్నగా దిగ్గొట్టించాను. హనుమక్క గంప దించి, ప్రతి గూటానికీ నేను చెప్పినట్టే సున్నం పోసింది. మర్నాటికి మళ్ళీ వంపు. అదే చోట, అదే కొలతలో.

ఆ రోజే లెవెల్ పెట్టాను. పాతకాలం లెవెల్ యంత్రాల్లో బొమ్మ తలకిందులుగా కనపడేది, మాదీ అలాంటిదే. ఆకాశం కింద, నేల పైన. అలవాటైపోతే అది కూడా మామూలే. దొనల దగ్గర యంత్రం నిలబెట్టి, కాస్త దిగువన దస్తగిరి పట్టుకున్న కొలబద్ద చదివాను. తర్వాతి చోటు కోసం గొట్టాన్ని మెల్లగా గంటగుండు వైపు తిప్పాను. అద్దంలో ఒక మనిషి ఉంది. నేల నుంచి వేలాడుతున్నట్టు, తల కిందికి, కాళ్ళు పైకి. తల చుట్టూ గుడ్డ. నా వైపే చూస్తోంది. చేతులు రెండూ మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

కన్ను తీసి చూశాను. గుండు ఉంది, గడ్డి ఊగుతోంది, ఎవరూ లేరు. మళ్ళీ అద్దంలో పెడితే అక్కడా ఎవరూ లేరు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో యంత్రం కాళ్ళు తన్నుకుని పడబోయింది ఆ ఒక్కసారే. దస్తగిరికి చెప్పలేదు. చెబితే జీపెక్కి కూర్చునేవాడు.

ఆ సాయంత్రం యంత్రం పెట్టెలో సర్దుతుంటే నాగప్ప వచ్చాడు. కింది పల్లె పెద్ద. రోజూ మాకు చెంబుతో మజ్జిగ పంపేది ఆయనే, మంచి మనిషి. ఆ రోజు తానే తెచ్చాడు. పెట్టె వంక చాలాసేపు చూసి అడిగాడు.

"మేడమ్, వజ్రకరూరు కాడ ఆ మధ్య యంత్రాలు ఎత్తుకోని తిరిగినారు, వజ్రాలు యాడుండాయో భూమి లోపల చూసేదానికి. ఇది గూడా అట్లాదేనా?"

కాదన్నాను. ఎత్తూ పల్లమూ చూడటానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని చెప్పాను. ఆయన నమ్మలేదు.

"అట్లయితే మీ గూటాలు కొట్టు దాటినాక పక్కకి ఎందుకు తిరిగినాయి? గొర్రెలోళ్ళు కింద నుంచి చూసి చెప్పినారు. మీకు ఆడ అడుగున ఏమో కనపడింటాది."

ఏం కనపడాలని మీరు అనుకుంటున్నారు అని అడిగాను. బోరు ఎక్కడ వేయమంటారని అడిగినంత మర్యాదగా, గొంతు పెంచకుండా చెప్పాడు నాగప్ప. హనుమక్క మొగుడు మారెప్పకు ఒళ్ళంతా బొల్లి. అట్లాంటి మనిషి చనిపోతే మట్టిలో పెట్టకూడదట, కాల్చాలట. మట్టిలో పెడితే ఆ నేల మీద వాన పడదట.

"హనుమక్కను అడిగితే, బళ్ళారికి పాయ, ఆడే సచ్చిపాయ అంటాది. అబద్ధం. పార ఎత్తుకోని గుట్ట ఎక్కతాంటే మా తమ్ముడు చూసినాడు. యాడ పెట్టిందో తెలీదు. ఇన్ని గుండ్లలో యాడని తవ్వల్ల మేడమ్? మీరు చోటు చూపిస్తే సాలు. మేమే తీసి కాల్చుకుంటాం. ఆయమ్మను ఏమీ అనం."

బొల్లి ఒట్టి చర్మం రంగు జబ్బనీ, అంటుకోదనీ, దానికీ వానకూ ఏ సంబంధమూ లేదనీ చెప్పాను. ఆయన తల పైకెత్తి చూశాడు. నేనూ చూశాను. మబ్బు ఒకటి గుట్ట నెత్తి మీదికి వచ్చి ఉంది.

"వస్తాండాది, గుట్టను చూస్తాండాది, పోతాండాది" అన్నాడు. "మీరు సదువుకున్నోళ్ళు మేడమ్. మా శెనిక్కాయ ఇత్తనం మన్నులో ఉండాది."

జీపులో గుంతకల్లు చేరేదాకా ఆ మాటే చెవిలో ఉంది. ఆయన మీద నాకు కోపం రాలేదు. భయం వేసింది. అంత నెమ్మదిగా అడిగేవాడు అడగడం మానడు.

మర్నాడు మధ్యాహ్నం దస్తగిరిని కొలబద్దతో నంది దగ్గర నిలబెట్టి, హనుమక్కను పైకి తీసుకెళ్ళాను. గంటగుండు కింద కూర్చున్నాం. గూటాలు జరిపింది నువ్వేనా అని అడిగాను. ఆమె చేతులు చూసుకుంది. సున్నం ఆరి, మోచేతుల దాకా తెల్లగా ఉంది. అద్దంలో తలకిందులుగా చూస్తే తెలిసిన మనిషి కూడా తెలియదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

"నేనే" అంది.

తర్వాత మెల్లగా మొత్తం చెప్పింది. మచ్చలు పాకేకొద్దీ ఊళ్ళో హోటల్లో మారెప్పకు గ్లాసు వేరు పెట్టారు. తర్వాత హోటల్లోకే రావద్దన్నారు. అన్నదమ్ములు పొయ్యి వేరు చేశారు. ఒకరోజు మేకలు తోలుకుని గుట్టెక్కినవాడు కిందికి రాలేదు. ధాన్యపు కొట్టులోనే ఉండిపోయాడు. అప్పటి నుంచి ఊరివాళ్ళు నంది దాటి పైకి రావడం మానేశారు. దినమూ మధ్యాహ్నం ఆమె సంగటి ముద్ద ఎత్తుకుని వచ్చేది. గుట్టంతా వెతకలేక గుండును ఒక దెబ్బ కొట్టేది. అతను ఎక్కడున్నా చేతికి దొరికిన రాయితో మోగే బండేదో ఒకటి కొట్టేవాడు, వస్తున్నానని.

"నాలుగేండ్లు అట్ల బతికినాడు మేడమ్. జొరమొచ్చి పోయినాడు. మొయ్యను రమ్మని వాళ్ళ అన్నను అడిగితే తలుపు తియ్యలే. ఈడ కట్టెలు యాడుండాయి? కాలిస్తే పొగ ఊరంతా కనపడతాది. నేనే గుంత తీసినా."

కొట్టు దాటాక, గంటగుండుకు కాస్త ఇవతల, నా గీత తిన్నగా పోయే చోట, చదునుగా ఉన్న ఒక బల్లరాయిని చూపించింది. గడ్డిలో మామూలు రాయిలాగే ఉంది. దాని కిందే ఉన్నాడు. నా లెక్క ప్రకారం అది కటింగ్ వచ్చే చోటు. నడుములోతు తవ్వేవాళ్ళం.

"దారి తవ్వితే బయటపడతాడని జరిపినా. సచ్చినాక గూడా ఎళ్ళగొట్టల్లనా మేడమ్?"

ఆమెకు చెప్పక తప్పలేదు. నువ్వు జరిపిన గూటాలే ఆయన చోటు చూపిస్తున్నాయి, గీత ఎందుకు తప్పుకుందని ఊరంతా అడుగుతోంది అన్నాను. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. వంపు వంక చూసింది, బల్లరాయి వంక చూసింది. సున్నం పోసిన ఆ గూటాలు రాయిని చేత్తో చుట్టినట్టు చక్కగా చుట్టి ఉన్నాయి. అప్పుడు మొహం మారిపోయింది. నోట్లో కొంగు కుక్కుకుంది.

మొదటి రోజు గుండు మోగించింది నువ్వేనా అని అడిగాను, మాట మార్చడానికి.

"నేనే. దినామూ కొడతా. అలవాటు."

ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నా చేతిలో నీళ్ళ సీసా ఉంది. కింద నంది పక్కన దస్తగిరి టోపీ కనపడుతోంది. మబ్బు నీడ ఒకటి చేల మీదుగా వచ్చి, కొట్టు గోడలెక్కి, మామీదుగా పోయింది. కొట్టు అవతల ఎక్కడో, ఒక్కటే దెబ్బ, రాయి మోగింది.

నేను కదల్లేదు. హనుమక్క ఉలిక్కిపడలేదు. లేచి కొంగు దోపుకుని, మామూలుగా, పక్కింటివాళ్ళు పిలిస్తే పలికినట్టు పలికింది. "వస్తాండా."

ఎండకు ఉబ్బిన బండ మీద నీడ పడితే చటుక్కున ముడుచుకుంటుంది, పగులిచ్చి మోగుతుంది. ఇంజనీరుగా నాకు తెలిసిన సంగతి ఇది, అది నిజం కూడా. దీని గురించి ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు. ఆ రోజు మాత్రం కాళ్ళలోంచి చలి పుట్టింది, అంత ఎండలో.

ఆమె ఇంకా కిందికి దిగకముందే నాగప్ప పైకి వచ్చాడు. వెంట గడ్డపారలతో కొందరు మనుషులు. ఇన్నేళ్ళలో నంది దాటి రావడం వాళ్ళకదే మొదలు కాబోలు, ఒకరి వెనక ఒకరు దగ్గర దగ్గరగా నడుస్తున్నారు. గాలికి చెదరకుండా తువ్వాళ్ళు చెవులకు బిగించుకున్నారు. వంపు దగ్గర ఆగారు. ఒకతను గడ్డపార మొనను బల్లరాయి పక్కన మట్టిలో గుచ్చి, నాగప్ప వంక చూశాడు. హనుమక్క సున్నం గంప పట్టుకుని నిలబడింది.

నేను దస్తగిరిని కేకేశాను. కొలబద్ద ఎత్తుకుని పరుగున ఎక్కి వచ్చాడు. దాన్ని ఆ బల్లరాయి మీద నిలబెట్టమన్నాను. అతను నా మొహం చూశాడు, నిలబెట్టాడు. ఉలితో రాయి మీద బాణం గుర్తు కొట్టి, చుట్టూ ఎర్ర రంగు పూశాను. దాన్ని మేం బెంచ్ మార్క్ అంటాం. గుట్ట మీద ప్రతి ఎత్తునూ దాని నుంచే కొలుస్తాం. అది జానెడు కదిలినా కొలతలన్నీ తప్పుతాయి. కదలని పరుపుబండ మీద పెట్టవలసిన గుర్తు అది. మట్టి మీద ఉన్న విడిరాయి మీద పెట్టమని ఏ పుస్తకమూ చెప్పదు. ముప్పై ఏళ్ళు కొలబద్ద పట్టిన దస్తగిరికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. ఎన్నడూ నోరు మూసుకోనివాడు ఆ పూట మూసుకున్నాడు.

కోపం వస్తే నా నోట గుంతకల్లు భాష వచ్చేస్తుంది.

"గడ్డపార తియ్యప్పా. అది సర్కారు రాయి. ఈడ అరుగు కడతాండాం, జనం కూచోని గుండు మోగించి చూసేదానికి. అరుగుకు చోటు వదలల్లనే గూటాలు పక్కకి తిరిగినాయి."

"అరుగుకు తవ్వుతారు గదా?" అన్నాడు నాగప్ప.

"తవ్వం. పైన రాళ్ళు పేర్చి నింపుతాం. ఈ రాయి కదిలితే గుట్ట మీద పనంతా ఆగిపోతాది. ఎవురు కదిలిచ్చినారని ఎమ్మార్వో అడుగుతాడు. నేను పేర్లు చెప్పల్ల."

ఆయన రాయి వంక చూశాడు. ఎర్ర రంగు ఇంకా ఆరలేదు. హనుమక్క వంక చూశాడు. చివరికి చేత్తో సైగ చేస్తే ఆ మనిషి గడ్డపార పెరికాడు. అందరూ వెనక్కి తిరిగారు. నాగప్ప రెండడుగులు వేసి ఆగాడు.

"మరి వాన, మేడమ్?"

నేను రంగు డబ్బాకు మూత బిగించాను.

ఆ ఏడు ఆ పల్లెలో శెనిక్కాయ మొలిచి మాడిపోయింది. ఆ గుంత తవ్వి ఉన్నా వాన పడేది కాదు, అందులో నాకు అణువంత అనుమానం లేదు. కానీ చేయగలిగింది చేశామన్న ఊరట వాళ్ళకు దక్కకుండా చేసింది నేనే. చేసినందుకు చింత లేదు. నాగప్ప బెంగుళూరుకు ఇళ్ళు కట్టే కూలిపనికి పోయాడని విన్నప్పుడు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

నక్షాలో ఆ చోట కటింగ్ తీసేసి ఫిల్లింగ్ చేశాను. డిప్యూటీగారు ఎందుకన్నారు. గంటగుండు దగ్గర జనం నిలబడటానికి చోటు కావాలి, పైగా తవ్వితే గుండుకు దెబ్బ అన్నాను. రెండూ నిజాలే. ఆయన సంతకం పెట్టారు. గచ్చు లేకుండా, పునాది లేకుండా, రాయి మీద రాయి పేర్చి, మోకాలెత్తున అరుగు లేచింది. ఎర్ర బాణం దాని కడుపులోకి పోయింది. అరుగు గురించి ముందుగా హనుమక్కను అడిగాను, నీకు సమ్మతమేనా, ఆయన మీద జనం కూర్చుంటారు అని. ఆమె తలూపింది, అంతే.

తర్వాత అయిదారేళ్ళకు పనుల తనిఖీ మీద మళ్ళీ అక్కడికి వెళ్ళాను. పుస్తకం పుణ్యమా అని సెలవురోజుల్లో గుంతకల్లు నుంచీ బళ్ళారి నుంచీ కొంతమంది వస్తున్నారు. నంది దగ్గర హనుమక్క వేయించిన శెనిక్కాయలు అమ్ముతోంది. నన్ను చూసి గంపను పక్కామెకు అప్పగించి నాతో పైకెక్కింది. జుట్టు నెరిసింది.

అరుగు మీద జనం ఉన్నారు. రైల్వే కుటుంబమేదో టిఫిన్ గిన్నెలు విప్పుకుని కూర్చుంది. బెంగుళూరు నుంచి ఎప్పుడొచ్చాడో, నాగప్ప కూడా ఉన్నాడు. వాళ్ళకు కోట కథలు చెబుతున్నాడు, రాజులకు తోచని కథలన్నీ. మమ్మల్ని చూసి నవ్వి, "రాండి మేడమ్, కూచోండి, ఈడ చల్లగుంటాది" అని కాస్త జరిగాడు. చెప్పి చెప్పి అలిసినట్టున్నాడు, తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని అరుగు మీద వాలాడు. కాసేపటికి కన్ను మూతపడింది.

హనుమక్క గంటగుండు పక్కన నిలబడి ఆ నిద్రపోయే మనిషిని చూస్తోంది. ఎలా ఉందని అడిగాను, మరేం అడగాలో తెలియక.

"బతికినన్నాళ్ళూ ఆయప్ప పక్కన ఎవురూ కూచోలే మేడమ్" అంది. "ఇప్పుడు కూచుంటాండారు."

హనుమక్క పోయి కొన్నేళ్ళయింది. నేను రిటైరయ్యాను. నక్షాలు గీసే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. ఆ గుట్ట నాకు నేర్పిన పాఠం ఒక్కటే, అదే చెబుతాను. నేలలో ఉన్నదేదైనా కాపాడాలంటే దాన్ని చుట్టి పోకండి, చుట్టిన గీత దాన్నే చూపిస్తుంది. తిన్నగా దాని దగ్గరికే పోయి, పదిమంది కూర్చునే చోటొకటి దాని మీద కట్టండి. తప్పనిసరై ఎక్కడైనా వంపు తిరగవలసి వస్తే, ఏ అవసరమూ లేని చోట ఇంకో రెండు వంపులు వేయండి. తిన్నటి గీత మీద నాకున్న మోజును ఆ తర్వాత వేసిన ప్రతి దారిలోనూ నేను అలాగే చంపుకున్నాను.